మూడో ప్రశ్న

ఆగస్టు 29

చెరువు గట్టు మీద ఆదివారం పొద్దున రెండు గంటలు నడవడానికి ఒకాయనకు మంచులో వేసుకునే బూట్లు కావాలట. వీడియోలో చూశాడట. "అవి వేసుకుని గట్టు మీద నడిస్తే మీ మోకాళ్ళు మీవి కావు, మామూలు కాన్వాసు బూట్లు చాలు" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. గొప్పది అమ్మనన్నందుకు అలిగి వెళ్ళిపోయే మనుషుల్ని కొండ నడకల సామానమ్మే మా షాపులోనే చూడాలి.

మధ్యాహ్నం కొత్తగా పెళ్ళయిన జంట వచ్చారు. వెళ్ళేది ఒక్క రోజుకి, అదీ కారు పక్కనే టెంటు. తెచ్చిన జాబితా మాత్రం నెల రోజులకి సరిపోతుంది. అన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే తీసేశాను. తాడు దగ్గర ఆ అబ్బాయి పట్టు విడవలేదు.

"తాడెందుకు బాబూ?"

"ఉంటే మంచిదని."

"దేనికి కడతావు?"

తాడు అటూ ఇటూ తిప్పి చూసి "తెలీదండి" అన్నాడు. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు చూసి తాడు వాడే తీసి పక్కన పెట్టాడు.

ఇందుకే షాపులో నాకు తీసేసే అక్క అని పేరు. పెట్టింది మా పెద్దాయన. షాపు ఆయనదే. వయసులో ఉండగా కనపడిన కొండనల్లా ఎక్కి, ఇప్పుడు మేడ మెట్లకే ఆయాసపడతాడు. నేను పనిలో చేరిన రోజునే మూడు ప్రశ్నలు నేర్పాడు. ఎక్కడికి? ఎన్ని రోజులు? ఇంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చారు? ఈ మూడూ అడగకుండా అరలోంచి సాక్సు కూడా తియ్యకూడదు. మూడోదానికి జనం అబద్ధం చెబుతారు కాబట్టి మొహం చూస్తూ అడగాలి. ఏడేళ్ళుగా అలాగే అడుగుతున్నాను.

నేను మాత్రం ఒక్క కొండా ఎక్కలేదు. అద్దెకెళ్ళి తిరిగొచ్చిన సామాను చూసి అన్నీ చెప్పగలను. ఎంత వాన పడిందో, ఎవరు జారారో, ఎవరు ఎవరితో మాట్లాడకుండా తిరిగొచ్చారో.

సెప్టెంబరు 2

ఇవాళ్టితో బుల్లికి పందొమ్మిది.

సెప్టెంబరు 5

బుల్లి వచ్చింది.

సెప్టెంబరు 6

నిన్న ఆ ఒక్క మాట రాసి పెన్ను పెట్టేశాను. ఇవాళ వరసగా రాయాలి, లేకపోతే నా పిచ్చి ఊహ అనుకుంటానేమో.

సాయంత్రం నాలుగు దాటింది. బల్ల కింద కూర్చుని టెంటు మేకులు లెక్కపెడుతున్నాను. "బూట్లు చూపిస్తారా" అని గొంతు. ముందు కాళ్ళు కనిపించాయి, తర్వాత ఎడమ చెయ్యి, మణికట్టు మీద వేడిపాలు ఒలికి కాలిన మచ్చ. మొహం చూడకముందే తెలిసిపోయింది. గబుక్కున లేవబోయి తల బల్లకి కొట్టుకున్నాను. ఎనిమిదేళ్ళకి కూతురు కనిపిస్తే నేను చేసిన మొదటి పని అది.

"తగిలిందా?" అంది.

"లేదు" అన్నాను. బొప్పి ఇప్పటికీ ఉంది.

దాన్ని సరిగ్గా ఆఖరుసారి చూసినప్పుడు దానికి పదకొండేళ్ళు. ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ళ నాన్న, నేను ఒక గదిలో కూర్చున్నాం. ఎవరి దగ్గర ఉంటావమ్మా అని దాన్ని నిలబెట్టి అడిగారు. "నాన్న దగ్గర" అంది, నా వైపు చూడకుండా. నేను సరే అన్నాను. దాని ఇష్టమే నా ఇష్టం. ఆ తర్వాత మూడుసార్లు ఆ ఇంటి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. దాన్ని ఇబ్బంది పెట్టకూడదని. దాన్ని ఇబ్బంది పెట్టకూడదనే.

నిన్న అది నిలబడి, నా వెనక అరల్ని చూస్తూ చెప్పింది. "పది రోజుల నడక. కొండల మధ్య పై కనుమ దాకా. పదిహేనో తారీఖున బయలుదేరుతున్నాం."

అంటే రెండు ప్రశ్నలకి జవాబు అడక్కుండానే వచ్చేసింది. ఇక మూడోది. నోటి దాకా వచ్చింది. కానీ అది పరాయివాళ్ళని అడిగే మాట. కన్నతల్లి కూతుర్ని నిలబెట్టి ఇంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్ళావమ్మా అని అడిగితే, నువ్వెవరో నాకు తెలీదని ఒప్పుకున్నట్టు కాదా. అయినా అడగడానికేముంది? రెండో మెట్టు మీది నుంచి దూకాలంటే నా చెయ్యి కావాల్సిన పిల్ల అది. మొదటిసారి వెళ్తోంది, చూస్తేనే తెలుస్తోంది.

స్టూలు మీద కూర్చోబెట్టి సాక్సు తియ్యమన్నాను. పాదం నా ఒళ్ళో పెట్టుకుని కొలిచాను. నా పాదమే. రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు. బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. ఎక్కడో తలుపుకి తగిలించుకుని ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే. మడమలు గట్టిపడి ఉన్నాయి. చెప్పులు లేకుండా తిరుగుతుందేమో, ఆ నాయనమ్మ చూసుకోవద్దూ. కాలు కొలవడానికి అర నిమిషం పడుతుంది. నేను ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు. పెద్దాయన దగ్గాడు.

ఎత్తు బూట్లు తీశాను. చీలమండ పైదాకా వచ్చేవి, అడుగు గట్టిగా వంగకుండా ఉండేవి. కొత్తవాళ్ళు కాలు మెలితిప్పుకోకుండా ఇవి పట్టి ఉంచుతాయి. బరువే, కానీ బరువు చూసుకుంటే ఎలా. బూట్లు వేసి చూసే చెక్క వాలు మీద ఎక్కించి దించాను. దిగేటప్పుడు వేళ్ళు ముందుకి తగలలేదు. తాళ్ళు మాత్రం తనే కట్టుకుంది, మెలిక మీద మెలిక వేసి, జారని ముడి. నేను నేర్పిందే అయి ఉంటుంది.

"బరువుగా ఉన్నాయా?"

"పర్లేదు."

"మొదట్లో అలాగే ఉంటుంది. కొత్తవాళ్ళకి ఇవే మంచివి."

నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయి "సరే" అంది.

కొత్త బూట్లు కాలికి అలవాటు పడ్డానికి మూడు వారాలు కావాలని రోజుకి పదిమందికి చెబుతాను. బుల్లికి తొమ్మిది రోజులే ఉన్నాయి. కానీ ఇది మెత్తని తోలు. ఇంట్లో రోజూ వేసుకుని తిరగమన్నాను. తొమ్మిది రోజుల్లో దారికొస్తాయి.

అమ్మా అనలేదు. ఆ మొదటి మాట తర్వాత మీరు అని కూడా అనలేదు. నడుమ నడుమ పిలవాల్సిన చోట ఆగి, పిలవకుండా దాటేసింది. బ్యాగు కోసం సోమవారం వస్తానంది.

సెప్టెంబరు 7

పొద్దున నుంచి ముగ్గురికి తప్పు సైజు చెప్పాను. "ఎవరైనా నీ బుర్ర అద్దెకి తీసుకెళ్ళారా అమ్మా" అన్నాడు పెద్దాయన.

సెప్టెంబరు 9

వచ్చింది. మూడింటికే జుట్టుకి రెండు క్లిప్పులు పెట్టుకుని, తీసేసి, మళ్ళీ ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. నలభై నాలుగేళ్ళ దాన్ని. సిగ్గు లేకపోతే సరి.

బ్యాగుకి వీపు కొలవాలి. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుం ఎముక దాకా. జుట్టు పక్కకి తీసి వేలు పెట్టాను. చిన్నప్పుడు నలుగు పెడితే అక్కడే చక్కిలిగింత. ఇప్పుడు కదల్లేదు. ఊపిరి బిగబట్టినట్టు మాత్రం తెలిసింది.

పెద్ద బ్యాగు ఇచ్చాను, డెబ్భై లీటర్లది. ఇసక సంచులు వేసి బరువు పెట్టాను. భుజాన వేసుకోగానే ముందు నడుం బెల్టు బిగించింది, తర్వాత భుజాల పట్టీలు. జనం ఎప్పుడూ తిరగేసి చేస్తారు. చెప్పకముందే గ్రహించింది. తెలివైనది, నా పోలికే.

"ఇంత పెద్దది కావాలా?" అంది.

"చలి ఉంటుంది, వాన ఉంటుంది. ఉన్నట్టుండి ఏదైనా కావాలంటే కొండ మీద ఎవరిస్తారు?"

"అదీ నిజమే" అంది. స్టూలు మీద మళ్ళీ కూర్చుంది. పని అయిపోయిందిగా, ఎందుకు కూర్చుందో. స్లీపింగ్ బ్యాగుల గురించి చెప్పమంది. గంటసేపు చెప్పాను. ఈకలది తేలిక, తడిస్తే ఎందుకూ పనికిరాదు. దూదిలా ఉండే సింథటిక్‌ది బరువు, తడిసినా వెచ్చగా ఉంటుంది. ఆడవాళ్ళకి అట్ట మీద రాసిన చలి కన్నా ఇంకొంచెం ఎక్కువ చలికి తీసుకోవాలి. అన్నీ మొదటిసారి వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని వింది.

ఎంత బాగా వింటుందో.

సెప్టెంబరు 11

దానికి ఇవ్వాల్సినవి: ఇంకో జత చేతి తొడుగులు. రెండో టార్చి (ఒకటి పాడైతే). గొడుగు, రెయిన్‌కోటులో ఉక్కపోస్తుంది. చలికి లోపల వేసుకునేవి మూడు జతలు. పెద్ద థర్మాస్.

సెప్టెంబరు 13

చివరిసారి వచ్చింది. బ్యాగు సర్దిపెట్టాను. బూట్లు నా కానుక, మిగతావి షాపువి, తిరిగి ఇచ్చేవి. తిరిగి ఇవ్వాలంటే రావాలి కదా.

పెద్దాయన బల్ల మీద సామాను చూసి "తీసేసే అక్క ఇవాళ సెలవా?" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, లోపలికి వెళ్ళి, ఎన్నడూ లేనిది మా ఇద్దరికీ తనే టీ పెట్టుకొచ్చాడు.

బ్యాగు ఎత్తి చూశాను. పద్దెనిమిది కిలోలు. ఇంకెవరిదైనా అయితే సగం తీసి అరల్లో పెట్టేదాన్ని. ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. ఒక్కటీ తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

గుమ్మం దగ్గర ఆగింది. "వెళ్ళొస్తా" అంది. నేను జాగ్రత్త అన్నాను. ఇంకేమైనా అనాల్సింది.

సెప్టెంబరు 15

ఇవాళ బయలుదేరి ఉంటుంది.

సెప్టెంబరు 17

బూట్లు ఈపాటికి దారికొచ్చి ఉంటాయి.

సెప్టెంబరు 18

ఒకావిడ కొత్త బూట్లు కొని రేపే నడకకి వెళ్తున్నానంది. "వద్దమ్మా, పాతవే వేసుకోండి, కొత్తవి కాలిని తినేస్తాయి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే చెవులు వేడెక్కాయి. కానీ బుల్లివి మెత్తని తోలు.

సెప్టెంబరు 20

వాన. పైన కూడా పడుతూ ఉంటుంది. గొడుగు ఇచ్చి మంచి పని చేశాను.

సెప్టెంబరు 25

ఇవాళ దిగొస్తారు. రేపో ఎల్లుండో సామాను ఇవ్వడానికి వస్తుంది. వచ్చాక ఎక్కడైనా కూర్చుందామా అని అడగాలి. అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను. "బుల్లీ, పక్కన మంచి హోటలుంది, వెళ్దామా?" మరీ పెళ్ళిచూపుల్లా ఉంది.

సెప్టెంబరు 26

బుల్లి రాలేదు. విజిల్ మాస్టారు వచ్చాడు.

కొండలకి నడిచేవాళ్ళని దళాలుగా తీసుకెళ్ళేది ఆయనే. మెళ్ళో విజిల్ లేకుండా ఎవరూ చూడలేదు. మా దగ్గర టెంట్లు అద్దెకి తీసుకుంటాడు. సామానంతా బల్ల మీద పోసి, చివర్న బుల్లి బ్యాగు పెట్టాడు, పైన బూట్లు కట్టి ఉన్నాయి.

బూట్లు చేతిలోకి తీసుకున్నాను. లోపల మడమ దగ్గర గుడ్డ రెండు వైపులా చిరిగిపోయింది. చుట్టూ గోధుమరంగు మరక. ఏడేళ్ళ నుంచి ఆ మరకలు చూస్తున్నాను. అది మట్టి కాదు.

"ఆ పిల్లని మూడో రోజే వెనక్కి పంపించేశామండీ" అన్నాడు. "మడమలు రెండూ ఊడొచ్చాయి. ఒకటి చీము పట్టింది. తోడు మనిషినిచ్చి కిందికి దింపాం. వారం అయింది ఇంటికొచ్చి."

వారం నుంచి ఇదే ఊళ్ళో ఉంది. నేను గొడుగు ఇచ్చానని సంబరపడిన రోజున మంచం మీద ఉంది.

"మొదటిసారి కదండీ" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "మొదటిసారేంటి? పదమూడో ఏటి నుంచి మాతో వస్తోంది. ఆరుసార్లు వెళ్ళింది. ఆ కనుమ రెండుసార్లు దాటింది. ఈసారి పరీక్షండీ, సహాయకురాలిగా. నెగ్గితే వచ్చే సీజను నుంచి కొత్తవాళ్ళని తనే నడిపించేది. ఉద్యోగం, ఉండడానికి గది, అన్నీ. రెండేళ్ళుగా దానికోసమే కాచుకుని ఉంది. బంగారంలాంటి పాత బూట్లుండగా ఈ ఇనప డబ్బాలు వేసుకొచ్చింది. ఎందుకే అంటే మాట్లాడదు. బ్యాగు చూస్తే ఎవరో బుర్రలేనివాళ్ళు సర్దినట్టుంది. గొడుగండీ. కనుమ మీదికి గొడుగు."

"నేనే సర్దాను" అన్నాను.

"మీరా?" అన్నాడు. నా పేరు ఆయనకి తెలుసు, తీసేసే అక్క అని.

"మా అమ్మాయి."

విజిల్ పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు పాపం. వెళ్తూ వెళ్తూ చెప్పాడు. వచ్చే నెల పన్నెండో తారీఖున ఆఖరి దళం బయలుదేరుతుందట. ఆలోగా కాలు మానితే ఇంకోసారి ప్రయత్నించవచ్చట. తర్వాత పైన మంచు పడుతుంది. మళ్ళీ ఏడాదికే.

ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పి చదివాను. నల్లబడిన గోరు. రోజుల తరబడి కొండ దిగిన వాళ్ళకి అలా అవుతుంది, నాకు తెలుసు. గట్టిపడిన మడమలు. జారని ముడి. నడుం బెల్టు ముందు. అన్నీ చూశాను, అన్నీ రాశాను. ఇంకెవరి కాలైనా అయితే ఒళ్ళో పెట్టుకోగానే మీరు చాలా తిరిగారండీ అనేదాన్ని.

సెప్టెంబరు 27

అడగలేదు. అంతే. అడగలేదు.

సెప్టెంబరు 28

పెద్దాయన్ని సెలవడిగితే "ఇన్నాళ్ళకి" అన్నాడు.

గేటు దాకా వెళ్ళాను. ఈసారి గేటు తీశాను. తలుపు తీసింది అత్తయ్య. బాగా వంగిపోయింది. కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఎవరూ?"

"నేనే అత్తయ్యా."

ఇప్పుడు తలుపు మొహాన వేస్తుంది అనుకున్నాను. ఆవిడ పక్కకి జరిగి "వారం నుంచి గోడవైపు తిరిగి పడుకుంటోంది. నువ్వైనా అడుగు" అంది.

బుల్లి మంచం మీద ఉంది, కాళ్ళ కింద రెండు దిండ్లు. గదిలో గోడ నిండా కొండల ఫోటోలు. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క వయసు బుల్లి. పళ్ళ మధ్య సందు ఉన్న బుల్లి, జుట్టు కత్తిరించుకున్న బుల్లి, నా కన్నా పొడుగైన బుల్లి. నేను చూడనివన్నీ వరసగా మేకులు కొట్టి ఉన్నాయి.

నన్ను చూసి లేవబోయింది. "బూట్ల గురించా? సార్ చెప్పారా? అవి బాగానే ఉన్నాయి, నేనే సరిగ్గా..."

"నువ్వు నోరు ముయ్యి" అన్నాను. ఎనిమిదేళ్ళకి మొదటిసారి తల్లిలా మాట్లాడాను. మంచం అంచున కూర్చున్నాను. కట్టు చూశాను. ఇక దాచుకోవడానికేం మిగల్లేదు కాబట్టి మొహం చూస్తూ అడిగేశాను.

"ఇంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చావు?"

"ఎందుకు?"

"నాకు తెలీదు కాబట్టి. నీ గురించి నాకేమీ తెలీదు బుల్లీ. తెలిసినట్టు నటించి నీ కాళ్ళు పాడుచేశాను."

అది కాసేపు దుప్పటి అంచు మడతపెట్టింది. తర్వాత మొదలుపెట్టింది. మొదటిసారి పదమూడో ఏట, స్కూలు పిల్లలతో, టెంటులోకి నీళ్ళొస్తే ఎవరిదో స్లీపింగ్ బ్యాగులో ఇద్దరు దూరారట. రెండోసారి జలగలు. మూడోసారి ఒక పిల్లకి జ్వరం వస్తే అందరూ పైకి వెళ్ళినా తను ఆ పిల్ల దగ్గర రెండు రోజులు కూర్చుందట. అప్పుడే విజిల్ మాస్టారు నువ్వు పనికొస్తావే అన్నాడట. నాలుగోసారి మొదటిసారి కనుమ. అక్కడ గాలికి మాట వినపడదట, అందరూ సైగలే. ఐదు, ఆరు. చెబుతూ చెబుతూ కాళ్ళ నొప్పి మరిచిపోయి చేతులు తిప్పేసింది. నాకు సంతోషంగా ఉంది, ఏడుపూ వస్తోంది. ఆరింట్లో ఒక్కదాంట్లోనూ నేను లేను. ఒక్క రోజు కూడా బస్సు దగ్గర నిలబడి చెయ్యి ఊపలేదు.

"ఇంత తెలిసినదానివి, నేను కొత్తవాళ్ళ బూట్లు తొడుగుతుంటే చెప్పొద్దూ?"

"చెబుదామనే అనుకున్నా" అంది. "కానీ నువ్వు నా కాలు ఒళ్ళో పెట్టుకున్నావు. నాకన్నీ తెలుసని చెప్తే వదిలేస్తావనిపించింది."

"మరి పైకి వెళ్ళేటప్పుడైనా పాతవి వేసుకోవద్దూ?"

"నువ్వు ఇచ్చినవి కదా."

నేను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. ముక్కు తుడుచుకోవాలిగా. వెనక నుంచి మెల్లగా అంది. "ఆ రోజు, ఆ గదిలో, నాన్న దగ్గర అని అన్నానా. వాళ్ళు ముందే అలా అనమన్నారు. నువ్వు ఇంకోసారి అడుగుతావనుకున్నా. అడిగితే మార్చి చెబుదామనుకున్నా."

ఇంకోసారి. ఎనిమిదేళ్ళు దాని ఇష్టాన్ని గౌరవించానని పొంగిపోతూ బతికాను నేను.

"తప్పు నాదే" అన్నాను. ఇంతకన్నా పెద్ద మాట ఏదైనా ఉంటే బాగుండేది.

"ఊఁ" అంది బుల్లి. కాదనలేదు. కాదనకపోవడమే నాకు నచ్చింది.

అక్టోబరు 1

కట్టు మార్చాను. కుడి మడమ ఎండింది. ఎడమది ఇంకా పచ్చిగానే ఉంది. వాళ్ళ నాన్న ఇంట్లో ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసి తల ఊపుకున్నాం. అది చాలు.

అక్టోబరు 4

ఎడమది కూడా. బుల్లి వరండాలో పది అడుగులు వేసింది. నేను లెక్కపెట్టాను.

అక్టోబరు 10

ఇవాళ షాపుకి పాత బూట్లు, తన బ్యాగు తెచ్చింది. నిన్న మేడ మీదికి ఇసక సంచులతో ముప్ఫైసార్లు ఎక్కి దిగిందట. మడమల మీద కొత్త చర్మం గులాబీరంగులో ఉంది. నాలుగు వేళ్ళతో నొక్కి చూశాను. నొప్పి లేదంది. అబద్ధమేమోనని మొహం చూశాను. అబద్ధం కాదు.

పాత బూట్లు ఎంత ఒదిగిపోయాయో. దాని పాదం ఆకారమంతా లోపల ఉంది. నేను చేసింది లోపలి అట్ట మార్చడం, కొత్త తాళ్ళు వెయ్యడం, అంతే. వాటిని మించినవి మా షాపులో లేవు, ఏ షాపులోనూ ఉండవు.

తర్వాత బ్యాగు. నలభై ఐదు లీటర్లది, మూలలు వెలిసిపోయింది. బల్ల మీద అంతా పరిచి తీసెయ్యడం మొదలుపెట్టాను. రెండో స్వెట్టరు, తీసేశాను. లావు పుస్తకం, తీసేశాను. సబ్బుపెట్టె, తీసేశాను. చెయ్యి బాగానే ఆడింది. మందుల సంచి దగ్గరికొచ్చాను. పెద్దది, ఒక మనిషికి మరీ ఎక్కువ. తీసి పక్కన పెట్టాను.

బుల్లి దాన్ని వెనక్కి లాక్కుంది. "ఇది ఉండాలి. నేను నా కోసం నడవడం లేదుగా. వెనకపడ్డవాళ్ళకి నేనే దిక్కు. ఈ నాలుగు జతల సాక్సులు కూడా వాళ్ళకే. కొత్తవాళ్ళు ఎవరో ఒకరు కొత్త బూట్లు వేసుకొస్తారు."

అని నాలుక్కరుచుకుంది. నేను నవ్వాను. పెద్దాయన లోపలి నుంచి పగలబడి నవ్వాడు. ఏడేళ్ళలో నేను తీసేసిన వస్తువు తిరిగి బ్యాగులో పడడం, అది సరైనదవడం ఇదే మొదటిసారి. పదకొండు కిలోలకి తేలింది.

ఆ తర్వాత కౌంటరు మీదే దళం కాగితం నింపుతూ కూర్చుంది. వయసు, రక్తం గ్రూపు, మందులు పడకపోతే ఆ వివరం. చివరి గడిలో, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అని ఉంటుంది. తల ఎత్తకుండా చకచకా ఒక నంబరు రాసింది. కౌంటరు మీది ఫోను నంబరు. పక్కన బంధుత్వం అన్న చోట, అమ్మ.

"ఈ నంబరు నీకెక్కడిది?" అన్నాను.

"బోర్డు మీద ఉందిగా. ఎదురుగా బస్టాపులో నిలబడితే పెద్దగా కనిపిస్తుంది."

"ఎప్పుడు నిలబడ్డావు?"

"చాలాసార్లు. పన్నెండేళ్ళప్పుడు బస్సులోంచి నిన్ను చూశా. టెంటు దులుపుతున్నావు." కాగితం మడతపెట్టింది. "ప్రతిసారీ ఇదే నంబరు రాశా. ఆరుసార్లూ. ఏమీ జరగలేదు కాబట్టి నీకు రాలేదంతే."

"మరి మొన్న కాళ్ళు..."

"సార్ ఫోను చెయ్యబోయారు. నంబరు చూసేలోపే నేను కాగితం లాక్కున్నా. బూట్లు కరిచాయని నీకు చెప్పించడం నాకిష్టం లేదు. సరే అమ్మా, బస్సొచ్చింది, ఎల్లుండి పొద్దున్నే రావాలి నువ్వు, ఆరింటికి. ఆలస్యం చెయ్యకు."

అమ్మా అంది. అని బస్సు కోసం పరిగెత్తింది, ఆ పాత బూట్లతోనే.

అక్టోబరు 12

ఆరింటికి బస్సు దగ్గర ఉన్నాను. ఐదున్నరకే ఉన్నాను. విజిల్ మాస్టారు ముందు, కొత్తవాళ్ళు పద్నాలుగు మంది నడుమ, బుల్లి చివర. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

షాపుకి వచ్చి కౌంటరు మీది ఫోను జరిపి నా కుర్చీ పక్కన పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఒకసారి మోగింది. ప్రాణం పోయినంత పనైంది. ఎవరో రెయిన్‌కోట్లున్నాయా అన్నారు. ఉన్నాయి అని, రంగులు అడుగుతుంటేనే పెట్టేసి, ఫోను సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను.

ఏడేళ్ళు ఈ ఫోను మోగినప్పుడల్లా బుల్లేమోనని ఎత్తాను. ఇంకా పది రోజులు. ఇది మోగకూడదు.